వెంకాయమ్మగారి మణికట్టు

తిరువూరికి కరెంటు ఏ సంవత్సరంలో వచ్చిందనే విషయంలో ఊరి పెద్దల్లో రెండభిప్రాయాలుండేవి. మొదటి బస్సు ఎప్పుడొచ్చిందనే దాని మీద మూడు. వెంకాయమ్మగారు మొట్టమొదట మెటికలు విరిచిన సందర్భం గురించి మాత్రం ఊరందరిదీ ఒకే మాట. ఆవిడ కాపురానికొచ్చిన ఏడు, మామగారు కొత్తగా కొన్న ఎద్దుల జతను వాకిట్లో నిలబెట్టి నలుగురికీ చూపిస్తున్నారు. చూసినవాళ్ళు నోరారా మెచ్చుకుంటున్నారు. కొత్తకోడలు గడప దాటి వచ్చి, రెండు చేతులూ ఎద్దుల మొహాల మీదుగా కిందికి దించి, వేళ్ళు మడిచి తన కణతలకు ఆనించి ఒక్క నొక్కు నొక్కింది. వేళ్ళన్నీ ఒక్కసారిగా పలికాయి. ఎద్దులు బెదిరి చెరో దిక్కుకూ లాగాయి. పలుపుతాళ్ళు తెగాయి. వాటిని వెతికి పట్టుకొచ్చేసరికి మధ్యాహ్నమైంది. మామగారు చెమట తుడుచుకుంటూ, కోడలి చేతిలో మహత్తుందని ప్రకటించారు. ఎద్దులకు దిష్టంటూ ఏదైనా తగిలి ఉంటే, ఆ చప్పుడికి అది ఎద్దులకన్నా ముందే పారిపోయి ఉండాలన్నది ఆయన తర్కం. కాదనడానికి ఎవరికీ ఆధారం దొరకలేదు.

దిష్టి తీసేటప్పుడు మెటికలు అందరు ఆడవాళ్ళూ విరుస్తారు. కాని అందరివీ విరగవు. ఒకరికి రెండు వేళ్ళు పలుకుతాయి, ఒకరికి మూడు. చాలామంది చేతుల్ని కణతల దాకా తీసుకెళ్ళి, చప్పుడైనట్టే మొహం పెట్టి దించేస్తారు. పక్కింటి మహాలక్ష్మిగారు, నూనెమిల్లు యజమాని భార్య, సరిగ్గా ఆ సమయానికి నాలుక అంగిటికి కొట్టి చప్పుడు చేస్తుందని ఒక వదంతి ఉండేది. వదంతే అయినా, ఆవిడ దిష్టి తీస్తుంటే అందరూ చేతుల వైపు కాక నోటి వైపే చూసేవారు. వెంకాయమ్మగారి విషయంలో అలాంటి అనుమానాలకు తావు లేదు. ఆవిడ మెటికలు విరిస్తే వీధి చివరన రిక్షావాడు టైరు పేలిందేమోనని దిగి చూసుకునేవాడు.

అందుచేత సుమారు ముప్ఫయ్యేళ్ళ పాటు తిరువూరిలో కళ్ళు పడదగిన వస్తువు ఏదీ ఆవిడ చేతులు దాటి పోలేదు. పసిపిల్లలు, పెళ్ళికూతుళ్ళు, పరీక్ష పాసయిన కుర్రాళ్ళు, కుట్టుమిషన్లు, స్కూటర్లు, మహాలక్ష్మిగారి మిల్లుకు దిగిన కొత్త ఇంజను. ఒక ఏడు కాపు విరగకాసిందని భర్త సీతారామారావుగారు ఆవిడను రెడ్డిగూడెం దగ్గరున్న తమ మామిడితోటకు బండి మీద తీసుకెళ్ళారు. ఆవిడ బండి మీదే నిలబడి, తోట మొత్తానికి కలిపి ఒక్కసారే తీసింది. ఆ ఏడు గాలివాన తోట పక్కనించి పోయిందని ఆ కుటుంబంలో చెప్పుకునేవారు. పక్క తోటవాళ్ళు ఆ విషయం ఇంకోలా చెప్పుకునేవారు.

ఇంత చేసిన మనిషికి సొంతింట్లో మాత్రం పని లేకుండా పోయింది. ఒక్కగానొక్క కూతురు శివపార్వతిని ఎ.కొండూరులో ఇచ్చి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. ఊళ్ళో ఎవరింట బారసాల జరిగినా వెంకాయమ్మగారు వెళ్ళి, పిల్లను రెండు చేతులా ఎత్తి, దిష్టి తీసి, తాంబూలం అందుకుని, దారిలో ఎవరు పలకరించినా ఆగకుండా ఇంటికొచ్చేది. అలాంటిది డెబ్భై ఆరు వేసవిలో శివపార్వతి ఏడో నెలతో పుట్టింటికొచ్చింది. ఆ రోజునుంచి వెంకాయమ్మగారు నేల మీద నడవడం మానేసిందని సీతారామారావుగారు అనేవారు. బారసాలనాడు మనవణ్ణో మనవరాలినో తన రెండు చేతులా ఎత్తి ఉయ్యాల్లో వేయాలి. వేసి, ఇన్నాళ్ళూ ఊరి పిల్లలకు తీసిన దిష్టిని తన పిల్లకు తీయాలి. ఆవిడకు ఇంకేమీ అక్కర్లేదు. ఉయ్యాలకు కొక్కేలు అప్పుడే బిగించేశారు.

నేల మీద నడవడం మానేసిన మనిషి నేల మీద పడింది. కూతురికి తలంటు పోస్తోంది. బావి దగ్గరి నాపరాయి మీద కుంకుడు నురగ పరుచుకుని ఉంది. కాలు జారింది. పడేటప్పుడు ఎవరైనా చేసే పనే ఆవిడా చేసింది. కుడిచెయ్యి ముందుకు చాపి నేలకు ఆన్చింది. శరీరం బరువంతా వచ్చి ఆ అరచేతి మీద దిగింది. లేచి చూసుకునేసరికి మణికట్టు గరిటె మెడలాగా వంపు తిరిగి ఉంది. ఆవిడ అరవలేదు. ఎడంచేత్తో కుడిచెయ్యి పట్టుకుని, "తలకి ఇంకో చెంబు పోసుకుని లోపలికి పో, జలుబు చేస్తుంది" అని కూతురికి చెప్పి, అప్పుడు కళ్ళు తిరిగి కూర్చుంది.

బస్టాండు దగ్గర ఆసుపత్రి నడిపే డాక్టరు శేషగిరిరావు ఆ వారం చుట్టాల పెళ్ళికని గుడివాడ వెళ్ళాడు. కాంపౌండరు ఏసురత్నం వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టి, బెజవాడ తీసుకెళ్ళి ఎక్సరే తీయించమన్నాడు. బస్సులో ఆవిడకు ముందు సీటిచ్చి, ఒళ్ళో దిండు పెట్టి, దిండు మీద చెయ్యి పెట్టారు. ప్రతి గతుకు దగ్గరా బస్సులోని జనమంతా ఒక్కసారే "మెల్లిగా, మెల్లిగా" అనడం మొదలుపెట్టారు. మైలవరం దాటేసరికి డ్రైవరు కూడా తనకు తానే చెప్పుకోసాగాడు.

బెజవాడలో ఫోటో తీసి, చెయ్యి లాగి ఎముకను దాని చోట కూర్చోబెట్టి, మోచేతి కింది నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా పిండికట్టు వేశారు. ఆరు వారాలు ఉంచాలన్నారు. బొటనవేలి వైపు ఎముక మణికట్టు దగ్గర విరిగిందని, ఈ వయసు ఆడవాళ్ళకు విరిగేది సాధారణంగా అక్కడేనని చెప్పారు. ఆవిడ విన్నది ఆరు వారాలన్న ముక్క ఒక్కటే. సాయంత్రం బస్సులో తిరువూరు వచ్చే దాకా పురుడు ఎప్పుడొస్తుందో, బారసాల ఎప్పుడు పడుతుందో ఎడంచేతి వేళ్ళ మీద లెక్క పెడుతూనే ఉంది. సరిపోతుంది. అంతా సవ్యంగా అతికితే సరిపోతుంది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో జరిగిన దాన్ని ప్రదర్శన అనడమే న్యాయం. సీతారామారావుగారు ఎక్సరే ఫిల్మును కవరులోంచి తీసి, ముందుగది తూర్పు కిటికీ చువ్వలకు దారంతో కట్టారు. పొద్దున్న ఎండ పడేసరికి వెంకాయమ్మగారి చెయ్యి లోపలివైపు నుంచి వెలిగింది. ఆ వీధిలో బతికుండగా తన ఎముకలు తాను చూసుకున్న మొదటి మనిషి ఆవిడే. వీధి వీధంతా కదిలొచ్చింది. చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, కొందరు తెలియక దండం కూడా పెట్టారు. వేళ్ళలో ఒక్కో ఎముక కాదు, మూడేసి ముక్కలున్నాయని తెలిసి ఆశ్చర్యపోయారు. మణికట్టులో గులకరాళ్ళు పోసినట్టు చిన్న చిన్న ఎముకలు ఎనిమిది ఉన్నాయని ఏసురత్నం చెబితే, అన్నీ పగిలిపోయాయేమోనని ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అవి పుట్టుకతోనే అలా ఉంటాయని నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది. గాజుల నీడలు చూసి, బంగారం ఎముకకన్నా తెల్లగా పడిందేమిటని మరొకరు నిలదీశారు.

మహాలక్ష్మిగారు అందరికన్నా ఆఖర్న వచ్చి, అందరికన్నా దగ్గరగా నిలబడి చూసింది.

"ఎంత నాజూగ్గా ఉన్నాయండీ వదినగారూ మీ ఎముకలు. ముగ్గుపిండితో గీసినట్టున్నాయి. ఈ వయసులో ఎవరికుంటాయి?"

మంచిమాటే. కాని ఆ మాట మహాలక్ష్మిగారి నోటి నుంచి, ఆ కళ్ళతో చూస్తూ రావడం వెంకాయమ్మగారికి మింగుడుపడలేదు. విరిగిన ఎముక అతుక్కోవలసిన సమయంలో దాన్ని ఊరంతా చూసి మెచ్చుకుంటే అది అతుక్కుంటుందా? దిష్టి తీద్దామంటే మెటికలు విరిచే చెయ్యే పిండిలో ఉంది. ఇంకొకరి చేత తీయించుకోవడమంటే, నూనెమిల్లు ఆసామి భార్య బజారుకెళ్ళి నూనె కొనుక్కున్నట్టే. జనం వెళ్ళాక ఆవిడ ఎడంచేత్తో కాటుక భరిణె తెచ్చి, వేలితో ఇంత తీసి, ఫిల్ము మీద, ఎముక విరిగిన చోటుకు కొంచెం పైగా, ఒక దిష్టిచుక్క పెట్టింది. పసిపిల్లకు బుగ్గన పెట్టినట్టే పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. దిష్టిచుక్క పెట్టి ఊళ్ళో చాటింపు వేయించే ఆచారం ఎక్కడా లేదు.

డాక్టరు శేషగిరిరావు గుడివాడ నుంచి రాగానే ఆ ఇంటికే వచ్చాడు. ఆయన బట్టలకొట్టు కుటుంబంలో పుట్టి, తాత తండ్రులు గజాలు కొలుస్తుంటే తాను ఎముకలు కొలుస్తానని బయల్దేరినవాడు. ఎముకల మాట ఎత్తితే ఆయనకు ఆకలి దప్పులుండవు. బయట రోగులు వరసలో కూర్చుని ఉన్నా, లోపల ఒక కాలు విరిగినవాడికి ఎముక గొప్పతనం వర్ణించి, వాడు పోయేటప్పుడు విరిగినందుకు సంతోషించేలా చేసేవాడు. అలాంటి మనిషి ఫిల్మును కిటికీ వెలుతురులో చూసి మాట్లాడకుండా నిలబడిపోయాడు. ఏసురత్నం ఇంతకాలంలో అలాంటి నిశ్శబ్దం ఎరగడు. ఆయనకు ఒంట్లో బాగాలేదేమోనని స్టూలు తెచ్చాడు.

డాక్టరు కూర్చోలేదు. సీతారామారావుగారిని వసారాలోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. ఆయన తగ్గించిన గొంతు వీధి అరుగు దాకా వినిపిస్తుంది. ఎక్సరేలో సున్నం ఉన్నచోటు తెల్లగా పడుతుంది, లేనిచోటు నల్లగా పడుతుంది. విరిగిన చోట సన్నటి నల్ల గీత ఉండడం మామూలే. దానికి పైన కందిగింజంత నల్లటి మచ్చ ఉంది. అంటే అక్కడ సున్నం లేదు. ఎముక ఊరికే నిలబడి ఉండే వస్తువు కాదు. రాత్రింబవళ్ళు దాన్ని తినే కణాలు తింటూనే ఉంటాయి, కట్టే కణాలు కడుతూనే ఉంటాయి. ఆ రెండు పనులూ సమంగా సాగుతుంటేనే అది ఎముక. తవ్వేవాళ్ళూ పూడ్చేవాళ్ళూ ఒకే చోట ఒకేసారి పని చెయ్యడం రోడ్ల మీద ఎన్నడూ చూడం గాని, ప్రతి మనిషి ఎముకలోనూ పుట్టిన దగ్గర్నుంచీ జరిగేది అదే. అలా తిని కట్టి, తిని కట్టి, పదేళ్ళలో అస్థిపంజరం దాదాపు మొత్తం కొత్తదైపోతుంది. ఇక్కడ తినేవాళ్ళదే పైచెయ్యి అయినట్టుంది. ఏదో జబ్బు ఎముకను లోపల్నుంచి తొలిచేస్తోంది. అందుకే అంత తేలిగ్గా విరిగి ఉంటుంది.

మాట్లాడుతున్నకొద్దీ, విచారంలో ఉండి కూడా, డాక్టరుకు ఉత్సాహం ఆగలేదు. తినే కణాల పనితనాన్ని ఆయన ఎంత బాగా వర్ణించాడంటే సీతారామారావుగారు స్తంభం పట్టుకున్నారు. లోపల శివపార్వతి ఏడుపు మొదలుపెట్టింది. వెంకాయమ్మగారు పిండికట్టు చెయ్యి గుండెలకు ఆన్చుకుని గడపలోకి వచ్చింది.

"చెయ్యి ఉంటుందా బాబూ? తీసేస్తారా?"

"అంత మాట ఎందుకండీ అమ్మగారూ. ముందు బెజవాడలో పెద్ద డాక్టర్లకు చూపిద్దాం."

"పిల్లనెత్తుకోవడానికి పనికొస్తుందా లేదా, అది చెప్పు. మిగతాది నాకక్కర్లేదు."

పిట్టగోడ మీదుగా అంతా వింటున్న మహాలక్ష్మిగారు అప్పటికే చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి వెంకాయమ్మగారి భుజం పట్టుకుంది. ఆవిడ కళ్ళలో కూడా నీళ్ళున్నాయి. తన కన్నే తగిలిందేమోనన్న భయం ఆవిడకు కూడా ఉన్నట్టుంది.

కాసేపటికి వెంకాయమ్మగారు తేరుకుని, తన ఎముకను తింటున్నదేదో తన కళ్ళతో చూడాలంది. డాక్టరు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, జేబులోని పెన్ను తీసి, ఆ నల్లమచ్చ చుట్టూ గాలిలో సున్నా చుట్టాడు. ఆవిడ పెన్ను వైపు చూసింది. మచ్చ వైపు చూసింది. డాక్టరు వైపు చూసింది.

"అది కాటుక నాయనా. మొన్న నేనే పెట్టా."

ఏసురత్నం సంచీలోంచి స్పిరిటు సీసా, దూది తీశాడు. డాక్టరు దూది తడిపి మచ్చ మీద ఒక్కసారి రాశాడు. దూది నల్లబడింది, ఎముక తెల్లబడింది. ఎముకలో పడిన చిల్లు అంత త్వరగా మానడం వైద్యచరిత్రలో అదే మొదటిసారి. డాక్టరు ఫిల్మును ఏటవాలుగా వెలుతురులో తిప్పి, వేలిముద్ర కూడా కనిపిస్తోందని చూపించి, నవ్వడం మొదలుపెట్టి స్టూలు మీద కూలబడ్డాడు. శివపార్వతి ఏడుపులోంచే నవ్వులోకి దిగింది. సీతారామారావుగారు మాత్రం నవ్వలేదు. ఆయన స్తంభం వదిలి పెరట్లోకి వెళ్ళి, బావి చప్టా మీద కాసేపు ఒంటరిగా కూర్చుని వచ్చారు.

"ఈసారి దిష్టి తగిలితే కవరు మీద పెట్టండమ్మగారూ. ఫిల్మును నాకు వదిలెయ్యండి" అన్నాడు డాక్టరు.

ఆ రోజునుంచి డాక్టరుకూ వెంకాయమ్మగారికీ గట్టి స్నేహం కుదిరింది. చెప్పేవాడికి వినేవాళ్ళు దొరకడం, వినేవాళ్ళకు స్వార్థం ఉండడం ఎక్కడో గాని జరగదు. ఒకరోజు డాక్టరు ఒక పొట్లం, ఒక గాజుసీసా తెచ్చాడు. రెండింట్లోనూ కోడికాలి ఎముకలున్నాయి. ఏసురత్నం ఇంట్లో ఆదివారం భోజనం తరవాత మిగిలినవి. శేషగిరిరావు పుట్టి బుద్ధెరిగి కోడిని తిన్నవాడు కాడు గాని, కోడికాలి ఎముక గురించి ఆయనకు తెలిసినంత రోజూ తినేవాళ్ళకు తెలియదు. సీసాలోది కొన్ని రోజులుగా ఆసిడ్ నీళ్ళలో నానుతోంది. దాన్ని తీసి, కడిగి, అందరి ముందూ తాడులాగా ముడి వేశాడు. సున్నమంతా ఆసిడ్‌లో కరిగిపోగా మిగిలింది వట్టి నార. పొట్లంలోది పొయ్యిలో కాల్చింది. చూడ్డానికి ఎముకలాగే తెల్లగా, పెళుసుగా ఉంది. రెండు వేళ్ళతో నొక్కితే పొడిపొడి అయింది. అందులో నార కాలిపోగా సున్నం ఒక్కటే మిగిలింది.

మట్టిగోడ కట్టేవాడు మట్టిలో గడ్డి ఎందుకు కలుపుతాడని డాక్టరు అడిగాడు. ఒట్టి మట్టి అయితే బీటలు తీస్తుంది, ఒట్టి గడ్డి అయితే నిలబడదు. ఎముకా అంతే. బరువు మోసేది సున్నం, విరక్కుండా సాగి పట్టుకునేది నార. వయసు మీరిన ఆడవాళ్ళలో గోడ లోపల్నుంచి పల్చబడుతుంది, పైకి తెలియదు. నిలువుగా ఎంత బరువు పెట్టినా ఎముక మోస్తుంది, అది దాని ఉద్యోగం. వంచితే, మెలితిప్పితే ఒప్పుకోదు. పడ్డప్పుడు చెయ్యి అడ్డం పెడితే ఆ బరువు వంపు దగ్గర పడుతుంది. పొడుగు ఎముకలు వెదురుబొంగుల్లా మధ్యలో డొల్లగా, చివర్లు తేనెపట్టులా ఉంటాయి. ఆ తేనెపట్టు దగ్గరే ఆవిడది విరిగింది.

విరిగిన చోట ముందు నెత్తురు గడ్డకడుతుంది, తరవాత చెవి డిప్పలో ఉండేలాంటి మెత్తటి పదార్థం పెరిగి రెండు ముక్కల్నీ పట్టుకుంటుంది, ఆ మెత్తటి దాంట్లో మెల్లిగా సున్నం దిగుతుంది. ఇది విని వెంకాయమ్మగారు, మామిడికాయలో టెంక ముదిరినట్టన్న మాట అంది. డాక్టరు కుర్చీలోంచి లేచాడు. తన చదువులో ఇంత చక్కటి ఉపమానం ఎవరూ చెప్పలేదని, ఇక ముందు రోగులందరికీ ఇదే చెబుతానని అన్నాడు. చెప్పాడు కూడా. ఆ వేసవిలో చెయ్యి విరిగిన తిరువూరువాళ్ళందరూ తమ టెంక ఎంతవరకు ముదిరిందని అడిగేవారు.

పిండికట్టులోంచి బయటికున్న వేళ్ళను మాత్రం ఊరుకోనివ్వొద్దని, గంటగంటకూ ముడిచి చాపమని డాక్టరు గట్టిగా చెప్పాడు. పనిలేని ఎముక సున్నం వదిలేస్తుందట. అమెరికావాళ్ళు ఆకాశంలో నెలల తరబడి తిరిగి దిగొస్తే, అక్కడ శరీరానికి బరువు తెలియక ఎముకల్లో సున్నం తగ్గిపోయిందట.

"ఏమీ మొయ్యకుండా కూర్చోడానికి అంత పైకెళ్ళాలా?" అంది వెంకాయమ్మగారు. ఆ తరవాత మాత్రం వేళ్ళు ఒక్క క్షణం ఊరుకోలేదు. పాలు, రాగిజావ, మునగాకు, పొద్దున్న ఎండ, ఏది ఎముకకు మంచిదని ఎవరు చెప్పినా ఆవిడకు అందింది. సీతారామారావుగారికి కూడా అందింది, ఆయనకు ఏదీ విరగకపోయినా.

ఆరు వారాలకు కట్టు తీశారు. చెయ్యి పీలగా, తెల్లగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు ఉంది. మణికట్టు ఎటూ వంగదు. కొత్త ఎక్సరేలో విరిగిన చోట ఎముక ఉబ్బెత్తుగా, మిగతా దానికన్నా లావుగా కనిపించింది. శరీరం ముందు ఇంత లావుగా కట్టి, ఆ మీద నెలల తరబడి నింపాదిగా చెక్కుకుంటుందని డాక్టరు చెప్పాడు. బరువు పడేచోట ఉంచుతుంది, పడనిచోట తీసేస్తుంది. అందుకని కొంచెం కొంచెంగా బరువు అలవాటు చెయ్యాలి. ముందు తడిగుడ్డ పిండాలి, తరవాత పిండి పిసకాలి, ఆ తరవాత ఎత్తడం.

ఎత్తడం అనేసరికి వెంకాయమ్మగారు తన పద్ధతి తాను కనిపెట్టింది. తువ్వాలులో అరకిలో కందిపప్పు పోసి, పసిపిల్లకు చుట్టినట్టు చుట్టి, తలవైపు కుడిచేతి మీద పెట్టుకుని వసారాలో తిరిగేది. కొన్నాళ్ళకు కిలో అయింది. ఇంకొన్నాళ్ళకు రెండు. తిరుగుతూ తిరుగుతూ తనకు తెలియకుండానే జోల పాడేది. ఒకరోజు పిట్టగోడ మీదుగా మహాలక్ష్మిగారు చూసి, "వదినగారూ, పప్పు నిద్రపోయిందా?" అని అడిగింది. వెంకాయమ్మగారు పెదాల మీద వేలుంచుకుని, అరవొద్దని సైగ చేసింది.

శివపార్వతికి ఆడపిల్ల పుట్టింది. కందిపప్పు మూటకన్నా కాస్త ఎక్కువ బరువు. వెంకాయమ్మగారు పిల్ల పక్కన కూర్చుని గంటల తరబడి చూసింది గాని ముట్టుకోలేదు. సంకల్పం సంకల్పమే; ఎత్తితే బారసాలనాడే ఎత్తాలి. డాక్టరు మణికట్టును అటూ ఇటూ వంచి చూసి, ఆ రోజుకు నిశ్చింతగా ఎత్తవచ్చని అనుమతి ఇచ్చాడు. మెటికల గురించి ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. తన వేళ్ళ సంగతి ఇంకొకరిని అడిగే అవసరం ఆవిడకు పుట్టి ఎరగదు.

బారసాలనాడు రెడ్డిగూడెం నుంచి, ఎ.కొండూరు నుంచి చుట్టాలు వరసగా దిగారు. వాకిట్లో పందిరి, పందిట్లో కుర్చీలు, కుర్చీలు చాలక బల్లలు. పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎందరో, వెంకాయమ్మగారి చెయ్యి చూడ్డానికి వచ్చినవాళ్ళూ అందరే. ఆ చేతి కింద దిష్టి తీయించుకుని పెరిగి పెద్దయి, పెళ్ళిళ్ళయి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్ళు వాళ్ళలో చాలామంది. డాక్టరు శేషగిరిరావుకు పెద్దల వరసలో కుర్చీ వేశారు. ఏసురత్నం ఇస్త్రీచొక్కాతో వచ్చాడు. ఆవిడ వేళ్ళు మునుపటిలా పలుకుతాయా పలకవా అని బల్లల మీద రెండు పక్షాలు ఏర్పడి వాదులాడుకుంటున్నాయి.

పిల్లను తీసుకురమ్మని పురోహితుడు కబురు చేసినప్పుడు వెంకాయమ్మగారు లోపలిగదిలో తలుపు వేసుకుని ఉంది. తలుపు వెనక నుంచి ఒక చప్పుడు వచ్చింది. తరవాత ఇంకొకటి. ఎడంచెయ్యి అయింది. కొంచెం ఆగి, కుడిచెయ్యి. చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు, చూపుడువేలు. ఒకదాన్ని మించి ఒకటి పలికాయి. వసారాలో సీతారామారావుగారు లేచి నిలబడ్డారు. పందిట్లో వాదన ఆగిపోయింది. మహాలక్ష్మిగారు "విరిగాయి, విరిగాయి" అని పక్కావిడ చెయ్యి పట్టుకుని ఊపేసింది.

తలుపు తెరుచుకుంది. వెంకాయమ్మగారు మనవరాల్ని రెండు చేతులా ఎత్తుకుని బయటికొచ్చింది. కుడిచెయ్యి తల కింద ఉంది. చెయ్యి వణకలేదు. శివపార్వతి కళ్ళొత్తుకుంది. ఆవిడ వంగి పిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టి, నిటారుగా నిలబడి, రెండు చేతులూ పిల్ల తల నుంచి కాళ్ళ దాకా దించి, వేళ్ళు మడిచి, కణతలకు ఆన్చి, ముప్ఫయ్యేళ్ళ అనుభవమంతా పెట్టి నొక్కింది.

చప్పుడు రాలేదు.

మళ్ళీ నొక్కింది. ఒక్క వేలూ పలకలేదు. ఆవిడ చేతులు దించి వాటి వైపే చూసుకుంది. పందిరంతా ఆ చేతుల వైపే చూస్తోంది. ఆవిడ డాక్టరు కోసం వెతికి చూసింది.

"ఎముక సరిగ్గా అతకలేదా బాబూ?"

శేషగిరిరావు లేచి వచ్చి, మణికట్టు పట్టి చూసి, వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూశాడు.

"ఇందాక లోపల విరిచింది మీరేనా అమ్మగారూ?"

"పలుకుతాయో లేదోనని చూసుకున్నా నాయనా. అందరి ముందూ పరువు పోకూడదని."

"ఎముక బ్రహ్మాండంగా అతికింది. అసలు ఆ చప్పుడు ఎముకది కాదండి. కీలు మధ్యలో కొంచెం జిగురునీళ్ళుంటాయి. వేలు వంచితే వాటిలో గాలిబుడగ తయారై చప్పుడవుతుంది, గోళీసోడాలో పొంగినట్టు. ఒకసారి అయ్యాక ఆ గాలి మళ్ళీ నీళ్ళలో కరిగే దాకా రెండో చప్పుడు రాదు."

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు పడుతుందండి."

పురోహితుడు వాచీ చూసుకున్నాడు. మహాలక్ష్మిగారు వెంకాయమ్మగారికి ఒక కుర్చీ తెచ్చి వేసింది. కాఫీలు ఇంకోసారి ఇచ్చారు.